అటక మీద పనిముట్ల పెట్టె

ఈసారి ఉత్తరం విశాఖపట్నం నుంచి వచ్చింది. రాసినావిడకు 38 ఏళ్ళు, బ్యాంకులో ఉద్యోగం, మర్రిపాలెంలో కాపురం. పేరు వేయవద్దని కోరారు. తొమ్మిది పేజీల ఉత్తరాన్ని కుదించి చెబుతున్నాను.

ఆవిడ పుట్టింటివాళ్ళు కంసాలులు. ముత్తాత, ఆయన తర్వాత తాత, పాత ఊళ్ళో కోటవీధి దగ్గర ఒక పెంకుటింటి అరుగు మీద కూర్చుని దంతం పెట్టెలు, కొమ్ము పెట్టెలు చేసేవారు. నగల పెట్టెలు, చదరంగం బల్లలు, ఫొటో చట్రాలు. ఒకప్పుడు దొరలు కొనుక్కుని ఓడల్లో తీసుకుపోయిన సరుకు అదే. తాత 1971లో పోయారు. ఆయన కొడుకులెవరూ ఆ పని ముట్టుకోలేదు. ఈవిడ నాన్నగారు ఒక కర్మాగారంలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు.

రెండేళ్ళ కిందట ఈవిడ ఫోన్‌లో ఒక విదేశీ మ్యూజియంలోని పెట్టె ఫొటో చూశారు. మూత అంచు చుట్టూ పూలతీగ. తమ ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క పెట్టె మీద ఉన్న తీగే అనిపించింది. ఫొటో కింద ఊరి పేరు ఉంది, కాలం ఉంది. చేసినవాడి పేరు లేదు. "ఆ రాత్రి నిద్ర పట్టలేదండీ. మా ముత్తాత గురించి ఎవరైనా ఎక్కడైనా ఒక్క ముక్క రాశారేమోనని అప్పటి నుంచి వెతుకుతున్నాను" అన్నారు. సెలవు పెట్టి ఒక ఆఫీసుకు వెళితే మూడు రోజులు ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి తిప్పారు. నెట్‌లో వెతికితే వేలంపాటల ధరలు తప్ప ఏమీ కనబడలేదు.

ఇంట్లో నాన్నగారికి ఇదంతా నచ్చలేదు. "ఏటి తవ్వుతావు? ఏముందని?" అనేవారట. ఒకసారి గట్టిగా అడిగితే, "ఆ పొడి పీల్చి పీల్చి, దగ్గి దగ్గి పోయాడు మా నాన్న. షావుకారు గుమ్మంలో చెప్పులు విప్పి నిలబడేవాడు. అది రాస్తావా నువ్వు?" అని లేచి వెళ్ళిపోయారు. నెల రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

నాన్నగారి అక్క, అంటే ఈవిడ మేనత్త, ఇంకా ఆ పాత ఇంట్లోనే కొడుకు దగ్గర ఉన్నారు. 81 ఏళ్ళు. తాత పని కళ్ళారా చూసినవాళ్ళలో మిగిలింది ఆవిడే. కానీ ఇప్పుడు మతిమరుపు వచ్చింది, అడిగిన దానికి సంబంధం లేకుండా మాట్లాడుతున్నారని ఇంట్లోవాళ్ళ బాధ. "నాన్నకి ఆకు కోసుకొచ్చీదాన్ని, అరచేతులు గీరుకుపోయీవి" అని అదే మాట పదేపదే అంటున్నారట. ఏదో విస్తరాకుల సంగతి కాబోలని వదిలేశారు.

మిగిలిన ఆ ఒక్క పెట్టె కూడా అక్కడే ఉంది. ఈమధ్య బావ, అంటే అత్త కొడుకు, ఎవరో కొనేవాణ్ణి తెచ్చాడు. మూడు లక్షలిస్తానన్నాడట. "నువ్వెలాగూ వెతుకుతున్నావు కదా, దాని చరిత్ర రెండు పేజీలు రాసిపెట్టు. రేటు పెరుగుతుంది, నీకూ వాటా ఇస్తాను" అన్నాడు బావ.

"ఆపేయమంటారా? నాన్న మాట కాదని ముందుకు వెళ్ళమంటారా? పెట్టె సంగతి ఏం చేయాలి? ఈ టెన్షన్‌తో ఆఫీసు పని మీద కూడా మనసు నిలవడం లేదు." ఇవీ ప్రశ్నలు. ఇంకొక్క వాక్యం ఉంది, ఏడో పేజీలో, మధ్యలో ఎక్కడో. తాతగారి పనిముట్ల పెట్టెను నాన్నగారు ప్రతి దసరాకీ అటక మీంచి దింపుతారట. తుడిచి, నూనె రాసి, బొట్టు పెట్టి, మళ్ళీ ఎక్కించేస్తారట. ఎవరినీ ముట్టుకోనివ్వరట.

*

అమ్మా,

ముందు దంతం పెట్టె సంగతి. మిగతావి నాలుగు రోజులు ఆగినా ఫరవాలేదు. దీనికి ఆగే వీలు లేదు, కొనేవాడు గుమ్మంలో ఉన్నాడు కాబట్టి.

ఆ పెట్టె మీద ఉన్నది నిజంగా ఏనుగు దంతమే అయితే దాన్ని అమ్మడం నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణతో మన దేశపు ఏనుగు దంతం వ్యాపారం ఆగిపోయింది. 1991 సవరణతో ఆఫ్రికా దంతానికి కూడా అదే వర్తించింది. తాతల నాటిదని, ఇంట్లో చేసిందని మినహాయింపు ఏమీ లేదు. వారసత్వంగా రావచ్చు. కానీ అలా వచ్చినప్పుడు 90 రోజుల్లోగా అటవీ శాఖకు తెలపాలని, యాజమాన్య ధ్రువపత్రం ఉండాలని చట్టంలో ఉంది. ఆ పత్రం ఉన్నా అమ్మకం కుదరదు. తాబేటి చిప్ప, దుప్పి కొమ్ము విషయంలోనూ ఇబ్బంది ఉంది. గేదె కొమ్ముకు మాత్రం ఈ గొడవ లేదు. పైగా పెట్టె మీ ముత్తాత చేసినదైతే వందేళ్ళు దాటి ఉండవచ్చు. అలాంటి కళావస్తువును దేశం దాటించడానికి ఇంకో చట్టం అడ్డు. మూడు లక్షలిస్తానన్నవాడికి ఇవన్నీ తెలిసే ఉంటాయి. బావకు తెలియకపోవచ్చు.

అది దంతమా, ఎముకా? చాలా ఇళ్ళలో దంతమని చెప్పుకునేది ఎముకే. ఎముక మీద సన్నటి నల్లచుక్కలు, చిన్న గీరల్లాంటి గుంటలు కనబడతాయి. ఒకప్పుడు రక్తనాళాలు ఉన్న చోట్లవి. దంతాన్ని అడ్డంగా కోసిన చోట ఒకదాన్నొకటి దాటుకుంటూ వెళ్ళే సన్నటి వంపుగీతలు కనబడతాయి. భూతద్దంతో చూడండి, గీకవద్దు. పైన అతికించింది పలచటి రేకు కాబట్టి గీతలు కనబడకపోయినా ఆశ్చర్యం లేదు. మీ అంతట మీరు తేల్చేసుకోవద్దు కూడా.

తర్వాత ఏం చేయవచ్చు? ఉన్నచోట ఉంచి ఊరుకోవచ్చు. ధ్రువపత్రం లేకపోతే అలా ఉంచుకోవడాన్ని చట్టం ఒప్పదు, ఇవాళ్టికి ఏమీ కాకపోవచ్చు. కానీ అత్తగారి తర్వాత ఆ పెట్టె ఎవరి చేతికి వస్తే వాళ్ళకు అదే చిక్కు ఇంకాస్త పెరిగి వస్తుంది. అటవీ శాఖకు చెప్పవచ్చు. చెబితే పెట్టె మీ చేయి దాటిపోయే అవకాశం ఉంది, విచారణ ఉంటుంది, అత్తగారి వయసు మనిషి ఆ హడావిడి చూడాల్సి వస్తుంది. కానీ ఆ తర్వాత దాచుకోవాల్సింది ఏమీ మిగలదు. ఈ రెండింటిలో ఏ దారి పట్టే ముందైనా వన్యప్రాణి చట్టం తెలిసిన లాయరు దగ్గర ఒక గంట కూర్చోండి. బావను కూడా వెంట తీసుకెళ్ళండి. మీరు చెబితే అడ్డుపుల్ల అనుకుంటాడు, లాయరు చెబితే వింటాడు.

ఆ రెండు పేజీల చరిత్ర మాత్రం రాయకండి. "ఇది ఏనుగు దంతం, మా ఇంట్లో చేసింది" అని మీ పేరుతో మీరు రాసిన కాగితం రేపు కేసులో సాక్ష్యమవుతుంది. ఫొటోలు మాత్రం మీ కోసం తీసుకోండి. ఆరు వైపులా తీయండి. మూత లోపల, కీళ్ళు, తాళం, అడుగు, పగిలిన చోట్లు, అన్నీ. పక్కన స్కేలు పెట్టి తీయండి. పెట్టె రేపు ఎక్కడికి వెళ్ళినా ఆ వివరం మీ దగ్గర ఉంటుంది. నెట్‌లో మాత్రం పెట్టవద్దు.

ఇంకో మాట. మీ ఉత్తరంలో బావ దుర్మార్గుడిలా కనిపిస్తున్నాడు. నాకు అలా అనిపించలేదు. 81 ఏళ్ళ తల్లిని చూసుకుంటున్నది అతనే. మందులకు, మనిషికి నెలకెంత అవుతోందో మీరెప్పుడైనా అడిగారా? అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ళ పిల్లలు అందరూ కలిసి నెల నెలా కొంత పంపితే మూడు లక్షల మాట దానంతటదే చల్లబడుతుందేమో. పెట్టె అందరిదీ అన్నప్పుడు అత్త ఖర్చు కూడా అందరిదే కదా.

ఇక మీ అసలు బాధ, పేరు. దీని గురించి నాకు చెప్పాల్సింది చాలా ఉంది, ఓపికగా చదవండి.

మీరు ఇంగ్లీషులో వెతికేటప్పుడు 'విశాఖపట్నం' అన్న ఇప్పటి స్పెల్లింగుతో వెతికి ఉంటారు. పాత కాగితాల్లో మన ఊరు అలా ఉండదు, 'వైజాగపటం' అని ఉంటుంది. ఆ స్పెల్లింగుతో వెతికితే మొదట దొరకాల్సినది డబ్ల్యు. ఫ్రాన్సిస్ అనే దొర రాసిన జిల్లా గెజెటీరు, అంటే జిల్లా సంగతులన్నీ కూర్చిన సర్కారు పుస్తకం. 1907లో వచ్చింది. మీ తాతగారు పోయిన ఏడును బట్టి లెక్క వేస్తే, ఆ పుస్తకం అచ్చయ్యే నాటికి మీ ముత్తాత పాతిక, ముప్ఫై ఏళ్ళ మనిషై, ఆ అరుగు మీదే కూర్చుని ఉండాలి.

అందులో మీ ఇంటి పని వర్ణన ఉంది. పెట్టెకు లోపల మంచిగంధం చెక్క. దాని మీద ఏదుపంది ముళ్ళను నిలువునా చీల్చి పక్కపక్కనే పేర్చేవారు. లేదా అడవిదున్న, గేదె, దుప్పి కొమ్ములను పలచగా కోసి అతికించేవారు. కొమ్ములు, ముళ్ళు ఏజెన్సీ నుంచి వచ్చేవి. దంతాన్ని చిన్న రంపంతో జాలీలా కోసేవారు, లేదా సన్నటి మొన ఉన్న ఉలితో దాని మీద దేవుళ్ళనూ పువ్వులనూ గీసేవారు. ఆ గీతల్లోకి నల్లమైనం కరిగించి పోసి, పైన మిగిలినది గీకేస్తే తెల్లటి నేల మీద నల్లటి బొమ్మ తేలేది. ఎగ్జిబిషన్లలో మెడల్స్ వచ్చాయని, ముగింపు పని చాలా శ్రద్ధగా ఉంటుందని మెచ్చుకున్నాడు.

ఇంత రాసినవాడు ఈ పనిని ఈ ఊళ్ళో మొదలుపెట్టింది ఎవరని రాశాడో తెలుసా? 1859 నుంచి 1862 వరకు కలెక్టరుగా ఉన్న ఫేన్ దొర అట. తర్వాత వచ్చిన కలెక్టర్లు అభివృద్ధి చేశారట.

మొదటిసారి చదివినప్పుడు నాకు కడుపు మండింది. ఎందుకంటే అంతకు వందేళ్ళ ముందే, 18వ శతాబ్దంలోనే, ఇక్కడి వడ్రంగులు, కంసాలులు దంతం పొదిగిన కుర్చీలు, బీరువాలు, బల్లలు చేసి ఇంగ్లండు పంపారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అవి ఇప్పటికీ ఉన్నాయి. ముళ్ళు, కొమ్ములతో చేసే చిన్న పెట్టెలకు ఆ కలెక్టరు కొంత గిరాకీ తెచ్చి ఉండవచ్చు, దాన్ని కాదనను. కానీ పనిని ఈ ఊరికి తెచ్చినవాడు ఆయన కాదు. ఏ పుస్తకమైనా రాసేవాడికి ఎవరు కనబడితే వాళ్ళ పేరే రాస్తుంది. ఫ్రాన్సిస్‌కు కలెక్టరు కనబడ్డాడు. అరుగు మీద కూర్చున్న మనిషి చెయ్యి కనబడింది, మనిషి కనబడలేదు.

అందుకే అచ్చు పుస్తకాల్లో మీ ముత్తాత పేరు దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. జనాభా లెక్కల్లో అప్పటివి కులాల వారీ, వృత్తుల వారీ మొత్తాలే మిగిలాయి, ఇంటింటి కాగితాలు ఉంచలేదు. ఎగ్జిబిషన్లకు సరుకు వెళ్ళేది చాలాసార్లు వ్యాపారి పేరుతోనో, జమీందారు పేరుతోనో. మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నవాళ్ళం, 1953 దాకా మద్రాసు కిందే. పాత జిల్లా రికార్డులు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో చూడవచ్చు, కొన్ని హైదరాబాదు తార్నాకలో. ఒక వారం సెలవు, రైలు, లాడ్జి అని బయలుదేరితే చేతికి వచ్చేది రెండు లైన్లు కావచ్చు. వెళ్ళవద్దనడం లేదు. అక్కడి నుంచి మాత్రం మొదలుపెట్టవద్దు.

పేరు దొరకడానికి ఎక్కువ అవకాశం ఉన్నది దస్తావేజుల్లో. పాత రిజిస్టరు కాగితం ఎలా ఉంటుందో మీ బ్యాంకులో చూసే ఉంటారు. ఫలానావారి కుమారుడు ఫలానా, కులం, జీవనం, కాపురం ఉన్న ఊరు, వీధి, ఆ తర్వాత హద్దులు. తూర్పున ఎవరిల్లు, పడమర ఎవరిల్లు. ఒక్క ఇంటి దస్తావేజు దొరికితే నాలుగిళ్ళ పేర్లు దొరుకుతాయి. ఆ నాలుగిళ్ళలో రెండు కంసాలులవైతే ఆ వీధి బొమ్మ మీ కళ్ళ ముందు నిలబడుతుంది. ముందు అత్తగారి ట్రంకుపెట్టెలో చూడండి, తర్వాత సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో నకలు అడగండి. ఇంటిపేరుతో దొరకకపోతే పేరుకు ముందు 'కంసాలి' అని చేర్చి వెతకండి. చాలామందికి గుమాస్తా రాసిన ఇంటిపేరు అదే. ఇంట్లో పెద్దలెవరైనా గయ, కాశీ వెళ్ళి ఉంటే అక్కడి పండాల, అంటే తీర్థ పురోహితుల, పుస్తకాల్లోనూ తరాల పేర్లు ఉండవచ్చు.

కానీ దీనికో ఖరీదు ఉంది, ముందే చెబుతున్నాను. చేతిపని చేసుకుని బతికినవాడు రిజిస్ట్రారు గుమ్మం ఎక్కేది ఎక్కువగా ఇల్లు తాకట్టు పెట్టడానికే. మీ ముత్తాత పేరు, తాత పేరు దొరికితే అది షావుకారు పేరు పక్కనే దొరుకుతుంది, అప్పు మొత్తంతో సహా. అంటే మీరు వెతుకుతున్న కాగితం, మీ నాన్నగారు చూడలేనన్న కాగితం రెండూ ఒకటే కావచ్చు. అది దొరికిన రోజు ఏం చేస్తారో ఇప్పుడే అనుకుని పెట్టుకోండి.

ఆ ఫొటోలోని పెట్టె గురించి కూడా. తీగ ఒకటే అయినంత మాత్రాన అది మీ ముత్తాత చేసిందని అనుకోకండి. ఈ ఊళ్ళో ఆ అంచులు చాలా అరుగుల మీద దిగాయి. ఐరోపా నుంచి వచ్చిన అచ్చుబొమ్మలు చూసి గీసినవీ ఉన్నాయి. 'మా ముత్తాతది' అని మీరు ప్రకటిస్తే పక్కింటివాళ్ళ ముత్తాతకు అన్యాయం జరగవచ్చు. కలెక్టరు విషయంలో మనకు కోపం తెప్పించిన తప్పే అది.

ఇప్పుడు నాన్నగారు.

ఆయనకు ఆ పని అంటే సిగ్గని మీరు అర్థం చేసుకున్నారు. నాకు అలా కనబడలేదు. సిగ్గుపడేవాడైతే ఆ పనిముట్లను ఎప్పుడో పాత ఇనుపసామాను వాడికి వేసేసి ఉండేవాడు. ఏభై ఏళ్ళకు పైగా ఏటేటా నూనె రాస్తున్నారు. తుప్పు పట్టనివ్వలేదు. ఆయనకు పని మీద కోపం లేదు. ఆ పని చేయించుకుని తన తండ్రికి కూలి సరిగ్గా ఇవ్వనివాళ్ళ మీద, తండ్రి దగ్గుతుంటే పట్టించుకోని లోకం మీద కోపం. ఇప్పుడు కూతురు వచ్చి "మ్యూజియంలో ఉందట నాన్నా" అంటుంటే, 'అప్పుడు రాని లోకం ఇప్పుడెందుకు?' అన్నది ఆయన ప్రశ్న. న్యాయమైన ప్రశ్న. దానికి మీ దగ్గర సమాధానం లేదు, నా దగ్గరా లేదు. సమాధానం లేదని ఆయనతో ఒప్పుకోండి.

ఆపేయడం ఒక దారి. ఇంట్లో ప్రశాంతంగా ఉంటుంది. కానీ ఇంకో అయిదేళ్ళకు అడగడానికి అత్త ఉండకపోతే ఆ కోపం మీకు నాన్న మీదకు మళ్ళుతుంది. ఆయనకు తెలియకుండా చేయడం ఇంకో దారి. అత్త దగ్గరికి వెళ్ళిన సంగతి ఒక పెళ్ళిలోనో పేరంటంలోనో బయటపడుతుంది. అప్పుడు విషయం పక్కకు పోయి మోసం ముందుకొస్తుంది. ఇది నేను గట్టిగా వద్దంటాను.

మూడో దారి, పనిని, ఇంటి కథను వేరు చేయడం. "నాన్నా, అప్పుల సంగతి, తాత జబ్బు సంగతి నువ్వు ఒప్పుకునేదాకా ఒక్క అక్షరం రాయను, ఎవరికీ చూపించను. పని ఎలా చేసేవారో మాత్రం రాసుకుంటాను" అని ముందే మాట ఇవ్వడం. దీనివల్ల మీ రాత సగమే అవుతుంది. కూలి గురించి, షావుకారు గురించి రాయకపోతే అది అందమైన పెట్టెల కథగా మిగిలిపోయే ప్రమాదం ఉంది, అదీ ఒక అబద్ధమే. అయినా మొదలుపెట్టడానికి ఈ సగం చాలు. మిగతా సగం చెప్పాలో వద్దో ఆయన ఇష్టం. నా అనుభవంలో, పని గురించి మాట్లాడటం మొదలుపెట్టినవాళ్ళు కూలి గురించి వాళ్ళంతట వాళ్ళే మాట్లాడతారు.

పొందూరులో ఒకసారి నూలు వడికే ముసలావిడ దగ్గర కూర్చున్నాను. "మీ జీవితం గురించి చెప్పండమ్మా" అన్నాను. "ఏటుంది, వడికాం, తిన్నాం" అని ఊరుకుంది. ఆవిడ ఒళ్ళో పత్తి శుభ్రం చేసే వాలుగ చేప దవడ ఉంది. "ఈ చేప దవడే ఎందుకు? వేరే ఏదైనా పనికిరాదా?" అన్నాను. అంతే, పొద్దువాలే దాకా చెప్పింది. చేప దవడ ఎక్కడి నుంచి వచ్చేది, ఎవరు తెచ్చేవారు, ఎంతకిచ్చేవారు, ఆ తెచ్చేవాడు ఎలా పోయాడు, తన మొదటి కూలి ఎంత, అది మొగుడు ఏం చేశాడు. జీవితమంతా ఆ దవడ వెనకాలే వచ్చింది.

మాండలిక వృత్తి పదకోశం పేరు మీరు వినే ఉంటారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు కూర్చిన వ్యవసాయ పదాల సంపుటం 1962లో వచ్చింది. జిల్లాల వారీగా సేకరించిన మాటలవి. అలాంటి పనికి రైతును కథ చెప్పమని అడగరు, నాగలిలో ఈ ముక్కను మీ వైపు ఏమంటారని అడుగుతారు. మీరూ అదే పద్ధతి పట్టండి. దసరాకు పనిముట్ల పెట్టె దిగినప్పుడు మీరు పుట్టింట్లో ఉండండి. ఫోన్ తీయకండి. గుడ్డా నూనె గిన్నే పట్టుకుని పక్కన కూర్చోండి. "దీన్నేమంటారు నాన్నా?" అని ఒక్కటి అడగండి. ఆయన చెబితే ఇంకోటి. చెప్పకపోతే నూనె రాయండి, వచ్చే ఏడాది మళ్ళీ దిగుతుంది.

మీరు రాసింది చూస్తే ఆయన ఫిట్టరుగా చేశారన్నది మీకు మామూలు వివరం. నాకు కాదు. తండ్రి ఉలి పట్టిన చేతుల కింద పెరిగిన పిల్లాడు ఆకురాయి పట్టాడు. ఇనుములో వెంట్రుకవాసి తేడా వేలితో తెలుసుకునే ఉద్యోగం అది. పని ఆయనతో ఆగిపోయిందని మీరన్నారు, నేను ఒప్పుకోను. ఆ పనిముట్ల మొనలు చూసి ఏది దేనికో ఊహించగలిగినవాళ్ళు మీ ఇంట్లో ఆయనొక్కరే. ఆ మాట ఆయనతో మీరెప్పుడూ అని ఉండరు. ఒకసారి అనండి.

దసరా దాకా ఆగలేనిది అత్తగారి విషయం. ఈ ఆదివారమే వెళ్ళండి, నాన్నగారికి చెప్పి వెళ్ళండి. "అత్తని చూసొస్తాను, పని గురించి కూడా అడుగుతాను" అని నేరుగా చెప్పండి. ఆయన వద్దంటే ఆవిడను చూడటానికైనా వెళ్ళండి, మేనత్తను చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పొద్దున్న పూట వెళ్ళండి, ఆ వయసువాళ్ళకు సాయంత్రానికి మాట తడబడుతుంది. అక్కడున్న దంతం పెట్టె ఆవిడ ఒళ్ళో పెట్టి చేతులతో తడమనివ్వండి. రికార్డు చేసుకుంటే ఆవిడనూ బావనూ అడిగే చేయండి.

ఆవిడ మాట తప్పుతోందని అందరూ అంటున్నారని రాశారు. ఆ ఆకుల మాట నేను ఇంకోసారి చదివాను, లేచి వెళ్ళి గెజెటీరు తీశాను. మైనం నింపి, గీకేసిన తర్వాత ఆఖరి పని ఏమిటో ఫ్రాన్సిస్ రాశాడు. నునుపు చేయడం. దానికి గరుకు కాగితం వాడేవారు కాదు, ఒక చెట్టు ఆకుతో రుద్దేవారు. మర్రి, మేడి జాతికి చెందిన చెట్టే, ఆకులు గరగరలాడుతూ గరుకు కాగితానికి ఏమాత్రం తీసిపోవని రాశాడు.

అత్తగారు మతిలేక మాట్లాడటం లేదు తల్లీ. చిన్నపిల్లగా ఉన్నప్పుడు తండ్రి పెట్టెలకు ఆఖరి మెరుపు తెచ్చే ఆకును కోసుకొచ్చేది ఆవిడే. అరచేతులు గీరుకుపోయాయంటే మరి అది గరుకాకు కదా. ఆ అరుగు మీది పనిలో ఆడపిల్ల చెయ్యి కూడా ఉందని ఏ గెజెటీరూ రాయలేదు, మీ ఉత్తరంలోనే నాకు మొదటిసారి తెలిసింది. మీరు ముత్తాత పేరు కోసం వెతుకుతున్నారు. ఈ పేరు మీ ఇంట్లో ఎదురుగా కూర్చుని రెండేళ్ళుగా చెబుతూనే ఉంది.

ఆ చెట్టుకు గెజెటీరులో లాటిన్ పేరు ఉంది, ఫైకస్ ఆస్పెరిమా అని. కోటవీధి అరుగు మీద దాన్ని ఏమని పిలిచేవారో అందులో లేదు. ఆదివారం వెళ్ళినప్పుడు అత్తగారిని అదే మొదట అడగండి. ఏ కొండ మీద కోసేవారు, పచ్చిదే వాడేవారా, నీడన ఆరబెట్టేవారా, ఒక పెట్టెకు ఎన్ని ఆకులు పట్టేవి. ఆవిడ చెప్పిన పేరు నాకూ రాసి పంపండి.